దుబాయ్‌కా, లండన్‌కా: చిన్న పిల్లలతో మకాం మార్చే ముందు చూడాల్సిన లెక్కలు

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఒక ఇంట్లో విదేశీ ఉద్యోగం ఖాయమైందని తెలిస్తే చుట్టాలు మొదట అడిగేది జీతం ఎంత అనే. చెప్పిన అంకెను అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చుకుంటారు. ఒంటరిగా వెళ్లే కుర్రాడికి ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. భార్యను, మూడేళ్ల పాపను వెంటబెట్టుకుని వెళ్లే మనిషికి మాత్రం అది సగం లెక్క కూడా కాదు. అతను జీతం కన్నా ముందు చూసుకోవాల్సింది పాప వయసు, ఇంకా చెప్పాలంటే పాప పుట్టిన నెల. వినడానికి వింతగా ఉండొచ్చు. కానీ అదే జీతం మీద ఒక కుటుంబం నిలదొక్కుకోవడానికి, ఇంకో కుటుంబం ఆరు నెలలకే ఇంటినుంచి డబ్బు తెప్పించుకోవడానికి తరచుగా కారణం అదే అవుతోంది.

ఉత్తర తెలంగాణకు విదేశీ వలస కొత్త కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోవడం తరాలుగా నడుస్తోంది. అయితే ఆ వలస తీరు వేరు. మగమనిషి ఒక్కడే పోయేవాడు. క్యాంపులో ఉండి, రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి పోయేవాడు. భార్య అత్తగారింట్లోనో తల్లిగారింట్లోనో ఉండి పిల్లలను పెంచేది. సంపాదన దిర్హాముల్లో, రియాళ్లలో. ఇంటి ఖర్చు రూపాయల్లో. ఆ ఏర్పాటులో మారకం రేటే మిగులు. కుటుంబం మొత్తం కదిలినప్పుడు ఆ మిగులు పోతుంది. అద్దె, పాలు, స్కూలు ఫీజు, డాక్టరు, అన్నీ ఆ దేశపు డబ్బుల్లోనే కట్టాలి. బాబాయి గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి ఊళ్లో ఇల్లు కట్టిన లెక్కను నమ్ముకుని, ఈ తరం దంపతులు చంటిపిల్లలతో బయల్దేరడం దగ్గరే చిక్కు మొదలవుతోంది.

లెక్కలో ఎవరూ వేయనిది ఇంకొకటి ఉంది. ఇక్కడ పిల్లలను పెంచుతున్నది తల్లిదండ్రులు ఇద్దరే కాదు. నాయనమ్మ అన్నం తినిపిస్తుంది, తాత బడి బస్సు దగ్గర నిలబడతాడు, జ్వరమొస్తే మేనత్త వచ్చి రెండు రోజులు ఉంటుంది, అంట్లు తోమడానికి పనిమనిషి వస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న జంటలు కూడా పాపను ఏడాది పాటు హనుమకొండలో అమ్మమ్మ దగ్గర ఉంచడం మామూలే. ఈ సాయానికి ఎవరూ బిల్లు వేయరు కాబట్టి దాని విలువ తెలియదు. విదేశంలో ఈ పనులన్నిటికీ గంటకు ఇంత అని చెల్లించాలి, లేదా ఉద్యోగం మానుకుని తల్లే చేసుకోవాలి. ఆ ధర ఏ నగరంలో ఎంత, ఏ వయసు పిల్లకు ఎంత అన్నది తెలుసుకోకుండా ఆఫర్ లెటర్ మీద సంతకం చేయడం మంచిది కాదు.

ఈ ప్రాంతం వాళ్లు ఎక్కువగా ఆలోచించే రెండు నగరాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటగా అర్థమవుతుంది. లండన్‌లో నాలుగేళ్ల లోపు పిల్ల ఉంటే ఖర్చు విపరీతం; బడి వయసు రాగానే ఆ భారం ఒక్కసారిగా తగ్గుతుంది. దుబాయ్‌లో దీనికి తలకిందులు. చంటిపిల్లతో అక్కడ నెట్టుకురావచ్చు, పిల్ల బడికి వెళ్లడం మొదలయ్యాక ఖర్చు ఏటేటా పెరుగుతుంది.

లండన్: నాలుగేళ్లు నిండేదాకా

స్కిల్డ్ వర్కర్ వీసాకు బ్రిటన్ ప్రభుత్వం పెట్టిన సాధారణ జీతం పరిమితి 2025 జూలై 22 నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. పౌండు 115 రూపాయలు అనుకుంటే దాదాపు 48 లక్షలు. వరంగల్‌లో ఈ అంకె చెబితే ఎవరైనా ఆశ్చర్యపోతారు. ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ పోను చేతికి వచ్చేది నెలకు సుమారు 2,800 పౌండ్లు. పెన్షన్ కోత ఉంటే ఇంకా తక్కువ. ఇందులో నగరం శివార్లలో ఒక పడకగది ఇంటికి 1,400 దాకా పోతుంది. కౌన్సిల్ టాక్స్ (స్థానిక పన్ను) ఒక 150, కరెంటు, గ్యాసు, నీళ్లకు ఇంకో 150, రైలు, బస్సు ఖర్చు 200 అనుకుంటే మిగిలేది 900. తిండి, బట్టలు, ఫోన్లు ఇందులోనే సర్దుకోవాలి. ఇప్పుడు రెండేళ్ల పాపను రోజంతా నర్సరీలో వేయాలంటే లండన్‌లో నెలకు 1,500 పౌండ్లకు పైమాటే. అంటే ఈ జీతంలో నర్సరీకి చోటే లేదు.

మరి భార్య ఉద్యోగం చేస్తే? డిపెండెంట్ వీసా మీద వెళ్లిన భార్యకు బ్రిటన్‌లో పనిచేసే హక్కు ఉంది. అది నిజంగా మంచి సౌకర్యం. కానీ ఇక్కడ బీటెక్ చేసి, పెళ్లయ్యాక మూడేళ్లు ఉద్యోగానికి దూరంగా ఉన్న అమ్మాయికి అక్కడ మొదట దొరికేది సాధారణంగా సూపర్‌మార్కెట్‌లోనో గోదాములోనో కనీస వేతనం పని. నెలంతా చేసి తెచ్చిన దానిలో ఎక్కువ భాగం నర్సరీకే పోతుంది. పైగా నర్సరీ సాయంత్రం ఆరింటికి మూస్తారు. ఆలస్యమైతే నిమిషాల లెక్కన అదనపు రుసుము వేసే చోట్లు చాలా ఉన్నాయి. రైలు ఆగిపోయిన రోజు ఫోన్ చేసి తీసుకురమ్మని చెప్పడానికి పక్కింట్లో పిన్ని ఉండదు.

బ్రిటన్ ప్రభుత్వం పిల్లల సంరక్షణకు సాయం చేస్తుందని విని ధైర్యంగా వెళ్లేవాళ్లున్నారు. ఇక్కడ ఒక షరతును గమనించాలి. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు తొమ్మిది నెలల వయసు నుంచే వారానికి 30 గంటల సాయం ఇంగ్లండ్‌లో 2025 సెప్టెంబర్ నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. కానీ వర్క్ వీసాల మీద ప్రభుత్వ నిధులకు అర్హత లేదని రాసి ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ అలాంటి వీసాల మీదే ఉంటే ఈ 30 గంటలు రావు, పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ కూడా రాదు. వచ్చేదల్లా మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ ఇచ్చే 15 గంటలు. అదీ ఏడాదిలో 38 వారాలే, మూడో పుట్టినరోజు తర్వాత వచ్చే టర్మ్ నుంచే.

పుట్టిన నెల ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చూడొచ్చు. ఇంగ్లండ్‌లో ఆగస్టు 31 నాటికి నాలుగేళ్లు నిండిన పిల్లలు ఆ సెప్టెంబర్‌లో బడిలో మొదటిదైన రిసెప్షన్ తరగతిలో చేరతారు. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. చిన్న తరగతుల పిల్లలకు మధ్యాహ్న భోజనం కూడా ఉచితం. లండన్‌లో ప్రైమరీ మొత్తానికీ ఆ సదుపాయం ఉంది. 2022 ఆగస్టు 30న పుట్టిన పాప 2026 సెప్టెంబర్‌లో బడికి పోతుంది. 2022 సెప్టెంబర్ 2న పుట్టిన పాప 2027 సెప్టెంబర్ దాకా ఆగాలి. ఇద్దరికీ మధ్య తేడా మూడు రోజులే. తల్లి ఉద్యోగం చేస్తూ ఆ ఏడాదంతా పాపను నర్సరీలో ఉంచితే, ఉచితంగా వచ్చే 15 గంటలు పోను కూడా పది లక్షల రూపాయలకు తగ్గని తేడా. ఒకే కంపెనీలో, ఒకే జీతానికి చేరిన ఇద్దరు స్నేహితుల్లో ఒకరు ఎందుకు కుదురుకున్నారో, ఇంకొకరు ఎందుకు కుదురుకోలేకపోయారో ఈ తేదీల్లోనే తెలుస్తుంది.

వెళ్లకముందే కట్టాల్సిన సొమ్ము వేరే ఉంది. వీసా ఫీజులు కాకుండా, అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి కట్టే ఆరోగ్య సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ముందే కట్టాలి. భార్యాభర్తలు, ఒక పాప మూడేళ్ల వీసాకు దరఖాస్తు చేస్తే ఇదే 8,538 పౌండ్లు, అంటే 9 లక్షల 80 వేల రూపాయలు. కొన్ని కంపెనీలు ఉద్యోగిది మాత్రమే కడతాయి, కొన్ని కుటుంబానిదీ కడతాయి. ఆఫర్ మాట్లాడుకునేటప్పుడే ఇది అడగాలి. చేరాక అడిగితే ఫలితం ఉండదు. హెల్త్ అండ్ కేర్ వీసా మీద వెళ్లే నర్సులకు, డాక్టర్లకు ఈ సర్‌చార్జి లేదు, కుటుంబాన్నీ తీసుకెళ్లొచ్చు. ఆ మేరకు వాళ్ల పరిస్థితి నయం.

దుబాయ్: బడి మొదలైన దగ్గర నుంచి

దుబాయ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ప్రయాణం నాలుగు గంటల లోపే. కరామా, బర్ దుబాయ్ వైపు వెళితే తెలుగు మాట, మన తిండి సరుకులు దొరుకుతాయి. కుటుంబాన్ని తీసుకెళ్లడానికి కావాల్సిన కనీస జీతం 4,000 దిర్హాములు, కంపెనీ ఇల్లు ఇస్తే 3,000. ఈ 4,000 అంకే చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. 4,000 జీతానికి వీసా వస్తుంది కానీ కాపురం సాగదు. ఒక బెడ్‌రూమ్ ఫ్లాటుకు ఏడాదికి 60,000 దిర్హాములు అద్దె అనుకుంటే నెలకు 5,000 అద్దెకే అయింది. అందుకే చాలా కుటుంబాలు తక్కువ అద్దె కోసం షార్జాలో ఉంటూ దుబాయ్‌లో పనిచేస్తాయి. అలా చేస్తే తండ్రి పొద్దున, సాయంత్రం ట్రాఫిక్‌లోనే గంటలు గడుపుతాడు, పిల్ల మేల్కొని ఉండగా ఇంట్లో ఉండేది తక్కువ.

అద్దె కట్టే పద్ధతి కూడా మనవాళ్లకు కొత్త. నెలనెలా కాకుండా ఏడాది అద్దెను నాలుగు చెక్కులుగానో రెండుగానో ముందు తేదీలు వేసి ఇవ్వాలి. చెక్కులు ఎన్ని తక్కువైతే అద్దె అంత తగ్గుతుంది. 60,000 అద్దెకు నాలుగు చెక్కులైతే మొదటి చెక్కు 15,000. డిపాజిట్ 5 శాతం అంటే 3,000. బ్రోకర్‌కు ఇంకో 3,000. కరెంటు, నీళ్ల కనెక్షన్ డిపాజిట్ 2,000. మొత్తం 23,000 దిర్హాములు. దిర్హాం 24 రూపాయలు వేసుకుంటే ఐదున్నర లక్షలు, అదీ ఒక్క మంచం కూడా కొనకముందు. మొదటి జీతం ఇంకా రాలేదు, చెక్కు బుక్కు కావాలంటే బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకు అక్కడి గుర్తింపు కార్డు ఎమిరేట్స్ ఐడీ కావాలి. కాబట్టి అందరూ ఒకేసారి విమానం దిగడం ఇక్కడ తెలివైన పని కాదు.

చంటిపిల్ల ఉన్నంతకాలం తల్లి ఇంట్లో ఉండి చూసుకుంటే దుబాయ్‌లో అదనపు ఖర్చు పెద్దగా పెరగదు. ఆరోగ్య బీమా మాత్రం మర్చిపోకూడదు. దుబాయ్‌లో బీమా తప్పనిసరి. ఉద్యోగికి కంపెనీ ఇవ్వాలి, భార్యాపిల్లలకు కంపెనీ ఇవ్వకపోతే ఉద్యోగే కొనాలి. అసలు మార్పు బడి దగ్గర వస్తుంది. అక్కడ విదేశీయుల పిల్లలు చదివేది దాదాపుగా ప్రైవేటు స్కూళ్లలోనే. భారతీయ సీబీఎస్‌ఈ స్కూళ్లలో ఫీజు కాస్త అందుబాటులో ఉంటుంది, బ్రిటిష్ సిలబస్ అయితే దానికి ఎన్నో రెట్లు. స్కూళ్లను తనిఖీ చేసి రేటింగ్ ఇచ్చేది కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ. ఫీజు ఏటా ఎంతవరకు పెంచుకోవచ్చో చెప్పేదీ అదే. ప్రతి స్కూలు ఫీజు తరగతివారీగా ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఉద్యోగం ఒప్పుకునే ముందు ఈ ఒక్క పట్టికలో కేజీ నుంచి అయిదో తరగతి దాకా కూడి చూసుకుంటే చాలు, ఏడేళ్ల లెక్క కళ్లముందు ఉంటుంది. ఇద్దరు పిల్లలున్నవాళ్లు తప్పకుండా చూడాలి. ఇద్దరూ పై తరగతుల్లోకి వచ్చాక జీతం పెరగకపోతే, తల్లీపిల్లలను వరంగల్ పంపేసి తండ్రి మళ్లీ బ్యాచిలర్ గదికి మారడం దుబాయ్‌లో కొత్తేమీ కాదు. పిల్లలకు పదకొండు, పన్నెండేళ్లప్పుడు జరిగే ఆ మార్పు వాళ్లను చాలా కుదిపేస్తుంది.

బడి క్యాలెండర్ కూడా చూసుకోవాలి. మన దగ్గర బడులు జూన్ 12న తెరుస్తారు. దుబాయ్‌లో భారతీయ సిలబస్ స్కూళ్లు ఎక్కువగా ఏప్రిల్‌లో మొదలవుతాయి. బ్రిటిష్ స్కూళ్లు ఆగస్టు చివర, లండన్ బడులు సెప్టెంబర్‌లో. ఇక్కడ జూన్‌లో కొత్త తరగతి ఫీజు, యూనిఫాం, పుస్తకాలు అన్నీ కట్టి ఆగస్టులో దుబాయ్ సీబీఎస్‌ఈ స్కూలుకు వెళితే డబ్బూ పోతుంది, పిల్ల సగం సిలబస్ తర్వాత చేరుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లేలా చూసుకుంటే ఈ రెండూ తప్పుతాయి.

ముందు ఎవరు వెళ్లాలి

రెండు నగరాలకూ వర్తించే మాట ఒకటుంది. ఉద్యోగం వచ్చినవారు ముందు వెళ్లి, మిగతావాళ్లు మూడు నుంచి ఆరు నెలల తర్వాత వెళ్లడం చాలా కుటుంబాలకు మేలు. లండన్‌లో బడి సీటు ఇంటి అడ్రసును బట్టి వస్తుంది. మామూలుగా అయితే రిసెప్షన్ దరఖాస్తుకు జనవరి 15 గడువు. ఏడాది మధ్యలో దిగేవాళ్లు స్థానిక కౌన్సిల్ ద్వారా ఖాళీ ఉన్నచోట సీటు అడగాలి. చిన్న తరగతుల్లో ఒక టీచరు దగ్గర 30 మంది కన్నా ఎక్కువ ఉండకూడదనే నియమం ఉంది కాబట్టి ఇంటి పక్క బడి నిండిపోతే ఇంకో బడికి పంపుతారు. ముందు వెళ్లిన మనిషి ఆ చుట్టుపక్కల బడుల్లో ఖాళీలు కనుక్కుని ఇల్లు తీసుకుంటే ఈ అవస్థ తప్పుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు అక్కడ అప్పుల చరిత్ర ఉండదని ఇంటి యజమానులు ఆరు నెలల అద్దె ముందే అడగడం అలవాటుగా ఉండేది. ఇంగ్లండ్‌లో 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ఒక నెల కన్నా ఎక్కువ అడ్వాన్సు అద్దె అడగకూడదు, పిల్లలున్నారని ఇల్లు ఇవ్వననీ అనకూడదు. ఇది తెలిసి వెళ్లడం అవసరం.

కుటుంబం ఏడాది ఆలస్యంగా వెళితే లండన్ వీసాలో సర్‌చార్జి కూడా ఆ మేరకు తగ్గుతుంది, ఎందుకంటే భార్యాపిల్లల వీసా గడువు ఉద్యోగి వీసా గడువుతోనే ముగుస్తుంది. అక్కడే స్థిరపడాలనుకునేవాళ్లకు ఇందులో ఒక నష్టం ఉంది. శాశ్వత నివాసానికి భార్య ఉన్న కాలాన్ని విడిగా లెక్కిస్తారు, ఆలస్యంగా వెళితే ఆమె హక్కూ ఆలస్యమవుతుంది. నాలుగైదేళ్లు సంపాదించుకుని తిరిగి రావాలనుకునేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు.

మొదటి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలనేది మన దగ్గర బలమైన ఆనవాయితీ. భర్త లండన్‌లో, భార్య పురిటికి హనుమకొండలో ఉండి, పాపకు ఆరో నెల రాగానే తీసుకెళ్లిపోవాలని తొందరపడే ఇళ్లు ఎన్నో. పైన చూసిన లెక్క ప్రకారం లండన్‌లో అత్యంత ఖరీదైన కాలం సరిగ్గా అదే. అక్కడికి తీసుకెళ్లి, ఇద్దరూ ఉద్యోగాలు చేయలేక, ఏడాదిన్నర పిల్లను తిరిగి అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లే తల్లులున్నారు. తల్లిని గుర్తుపట్టి ఆమె కోసం ఏడ్చే వయసులో జరిగే ఆ ఎడబాటు ఇద్దరికీ నరకం. దానికన్నా తల్లీబిడ్డా కలిసి ఇక్కడే ఇంకొంత కాలం ఉండి, భర్త సెలవుకు వచ్చి పోవడం ఎంతో నయం. తండ్రికి కష్టమే, కానీ పిల్లకు తల్లి దూరం కాదు.

అమ్మమ్మనే అక్కడికి తీసుకెళ్లొచ్చు కదా అని అందరికీ తోచే ఆలోచన. బ్రిటన్ విజిటర్ వీసా మీద ఆరు నెలల వరకు ఉండొచ్చు. చూడటానికి వచ్చి మనవరాలిని ఎత్తుకోవడం వేరు, ఆరు నెలలకోసారి వస్తూ అక్కడే కాపురం ఉన్నట్టు ఉండటం వేరు. రెండోదాన్ని ఇమ్మిగ్రేషన్ అధికారులు ఒప్పుకోరు. దుబాయ్‌కి 30, 60 రోజుల విజిట్ వీసాలు ఉంటాయి. పెద్దవాళ్లకు బీపీ, షుగర్ ఉంటే ట్రావెల్ ఇన్సూరెన్సు షరతులు చదివి తీసుకోవాలి, పాత జబ్బులకు అది చాలాసార్లు వర్తించదు.

పేరు, ఇంటిపేరు, టీకాల కార్డు

కాగితాల పని ప్రయాణానికి నెల ముందు మొదలుపెడితే ఆగేది ఎక్కువగా పిల్లల బర్త్ సర్టిఫికెట్ దగ్గరే. ఆసుపత్రిలో పుట్టిన వెంటనే నమోదు చేస్తారు. అప్పటికి పేరు పెట్టి ఉండరు కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఇరవై ఒకటో రోజు తొట్టెలో వేసి పేరు పెట్టుకున్నాక మున్సిపాలిటీలో దాన్ని చేర్పించాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏడాదిలోపు ఫీజు లేకుండానే పేరు చేర్చుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు అవకాశం ఉంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే రుజువు. కాబట్టి పేరు లేని సర్టిఫికెట్ ఉంటే అన్నీ ఆగిపోతాయి.

ఇంటిపేరు దగ్గర ఇంకో చిక్కు. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకటి, తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పాప సర్టిఫికెట్‌లో ఇంటిపేరే లేకుండా ఒట్టి పేరు. మనకు ఇది సహజం. విదేశీ అధికారికి ముగ్గురూ ఒక కుటుంబమని చూపాల్సి వచ్చిన ప్రతిసారీ అదనపు కాగితం అడిగించుకుంటుంది. 2022 నవంబర్‌లో యూఏఈ ఒకే పదం పేరున్న పాస్‌పోర్టులపై విజిట్ వీసాలకు ఆంక్షలు పెట్టినప్పుడు మనవాళ్లు చాలామంది ఇబ్బంది పడ్డారు. పాపకు మొదటి పాస్‌పోర్టు తీసేటప్పుడే పేరు, ఇంటిపేరు రెండు గడులూ నింపి, తండ్రి పాస్‌పోర్టులోని స్పెల్లింగుతో సరిచూసుకోవాలి.

పెళ్లి ఫంక్షన్ హాల్‌లో ఘనంగా చేసి రిజిస్ట్రేషన్ వదిలేసిన జంటలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తర్వాతైనా నమోదు చేసుకునే వీలుంది. యూఏఈకి అయితే సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ఒకే ముద్రతో కాగితాలు చెల్లేలా దేశాలు చేసుకున్న అపొస్టిల్ ఒప్పందంలో ఆ దేశం లేదు కాబట్టి రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఢిల్లీ విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర, ఇలా వరుసగా జరగాలి. బ్రిటన్‌కు ఆరు నెలలకు మించి వెళ్లేవాళ్లకు గుర్తింపు పొందిన క్లినిక్‌లో క్షయ పరీక్ష ఉంటుంది. 11 ఏళ్లలోపు పిల్లలకు మామూలుగా ఎక్స్‌రే తీయరు, కానీ క్లినిక్‌కు తీసుకెళ్లాల్సిందే.

టీకాల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో, అంగన్‌వాడీలో వేసేది తట్టు, రుబెల్లా టీకా. గవదబిళ్లల టీకా అందులో లేదు. బ్రిటన్‌లో ఈ మూడూ కలిసిన టీకా వేస్తారు, నర్సరీ వాళ్లూ డాక్టర్లూ దాని గురించి అడుగుతారు. తల్లీబిడ్డ కార్డు అసలు ప్రతి వెంట తీసుకెళితే ఏది వేశారో, ఏది మిగిలిందో అక్కడి నర్సు చూసి చెబుతుంది. కార్డు పోతే వేసిన టీకాలే మళ్లీ వేయాల్సి రావచ్చు.

కన్సల్టెన్సీల మాట, ఇప్పటి నిబంధన

హనుమకొండ నయీంనగర్ రోడ్డు వెంట విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. అయితే కొన్నేళ్ల కిందట నడిచిన దారులను ఇప్పటికీ ఉన్నట్టు చెప్పేవాళ్ల విషయంలో గట్టిగా ఉండాలి. భార్య ఎమ్మెస్సీలో చేరితే భర్త, పిల్లలు డిపెండెంట్లుగా వెళ్లి భర్త పనిచేయడం తెలుగు దంపతులు ఎక్కువగా వాడుకున్న మార్గం. 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు తప్ప మిగతా వాటికి అది లేదు. ముసలివాళ్లకు, రోగులకు సేవచేసే కేర్ వర్కర్లు కుటుంబాన్ని తీసుకెళ్లడం 2024 మార్చి 11తో ఆగింది. విదేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తీసుకోవడమే 2025 జూలై 22న ఆగింది. ఇప్పటికీ కేర్ వీసా ఇప్పిస్తామని లక్షలు అడిగే మనిషి మోసం చేస్తున్నట్టే. విదేశీయులను పనిలోకి తీసుకునే స్పాన్సర్ లైసెన్సు ఏ కంపెనీకి ఉందో బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. భూమి తాకట్టు పెట్టే ముందు ఆ జాబితా తెరిచి పేరు వెతకడానికి అయిదు నిమిషాలు చాలు.

చేరాక మొదటి ఏడాది

పిల్లలు త్వరగా అలవాటు పడతారని పెద్దలంటారు. చాలావరకు నిజమే, కానీ కొన్ని నెలలు పడుతుంది. ఇంట్లో తెలుగే విని పెరిగిన నాలుగేళ్ల పిల్ల లండన్ బడిలో మొదటి కొన్ని నెలలు నోరు విప్పకపోవచ్చు. రెండో భాష నేర్చుకునే పిల్లల్లో ఈ మౌనం మామూలేనని అక్కడి టీచర్లకు తెలుసు. భయపడి ఇంట్లో తెలుగు మానేసి వచ్చీరాని ఇంగ్లీషు మొదలుపెట్టే తల్లిదండ్రులే పొరపాటు చేస్తున్నారు. బడిలో ఇంగ్లీషు దానంతట అదే వస్తుంది. ఇంట్లో తెలుగు ఆగితే నాయనమ్మతో ఫోన్‌లో మాట్లాడే భాష పోతుంది.

తల్లి సంగతి దీనికన్నా బరువైనది. భర్తకు ఆఫీసు ఉంటుంది, పిల్లకు బడి దొరుకుతుంది. ఆమె మాత్రం నవంబర్‌లో నాలుగింటికే చీకటి పడే ఊళ్లో, ఒక గదిలో, చంటిదానితో రోజంతా గడపాలి. దుబాయ్‌లో అయితే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎండకు బయట అడుగుపెట్టడమే కష్టం. వారానికోసారి అమ్మతో వీడియో కాల్ దానికి మందు కాదు. లండన్‌లో గ్రంథాలయాల్లో, చర్చి హాళ్లలో చంటిపిల్లల తల్లులకు ఉచితంగానో నామమాత్రపు రుసుముకో ప్లే గ్రూపులు నడుస్తాయి; పెద్ద నగరాలన్నిటా తెలుగు సంఘాలు బతుకమ్మ ఆడిస్తాయి. వెళ్లిన మొదటి నెలలోనే ఆమె వీటికి వెళ్లేలా చూడటం, శనివారం పూట పిల్లను తాను చూసుకుని ఆమెను బయటికి పంపడం భర్త బాధ్యత. కుటుంబాలు తిరిగి వచ్చేయడానికి కారణం డబ్బేనని బయటికి చెబుతారు కానీ, చాలా ఇళ్లలో అసలు కారణం ఆమె ఒంటరితనమే.

తిరిగి రావాలనుకుంటే దానికీ వయసు లెక్క ఉంది. దుబాయ్ సీబీఎస్‌ఈ స్కూలు నుంచి వరంగల్ సీబీఎస్‌ఈ స్కూలుకు మారడం సులువు, పుస్తకాలు అవే. లండన్ నుంచి వచ్చే పిల్లకు లెక్కల పద్ధతీ పరీక్షల పద్ధతీ మారిపోతాయి. దీనికి తోడు 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ సిలబస్ స్కూలైనా తెలుగు నేర్పాల్సిందే, కాబట్టి చదవడం రాయడం కాస్తయినా వచ్చి ఉండాలి. సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతిలోనే బోర్డు పరీక్షకు పేరు నమోదు చేస్తారు, నేరుగా పదిలో చేర్చుకోవడం చాలా కష్టం. కాబట్టి వెనక్కి రావాలనే ఆలోచన ఉన్నవాళ్లు పిల్ల ఎనిమిదో తరగతి పూర్తయ్యే లోపే రావాలి. అయిదో తరగతికే వస్తే తెలుగు అందుకోవడానికి మూడు నాలుగేళ్లు చేతిలో ఉంటాయి.